కన్వర్టర్‌ను ఇంజనుకు వదిలేసి గేర్‌బాక్సు దించకండి

సంపాదకులకు నమస్కారం.

పాతకాలపు కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఇంటి దగ్గరే దించుకోవచ్చంటూ మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం మొత్తమ్మీద ఉపయోగకరమైనదే. కాని బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సును ఇంజనుకు కలిపే గంట ఆకారపు తొడుగు) బోల్టులు విప్పి వెనక్కి లాగితే గేర్‌బాక్సు వచ్చేస్తుందని అందులో రాసిన మాట సవరించాలి. అంబాసిడర్‌కో జీపుకో అది సరిపోతుంది. ఆటోమేటిక్‌కు సరిపోదు. ఆ మాట నమ్మి పనిలో దిగినవాళ్లకు మంచి గేర్‌బాక్సు కూడా చెడుతుంది. అదీ దించేటప్పుడు తెలియదు, తిరిగి ఎక్కించి ఇంజను స్టార్ట్ చేశాక తెలుస్తుంది.

ఆటోమేటిక్ బండిలో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్చి ప్లేటు ఉండదు. దాని స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు కొబ్బరి చిప్పలు ఎదురెదురుగా పెట్టి అతికినట్టుండే ఉక్కు డొల్ల అది, లోపలంతా ఆయిల్. ముందువైపు దాన్ని ఇంజను ఫ్లెక్స్ ప్లేటుకు, అంటే క్రాంకు వెనక తిరిగే పలుచటి ఉక్కు చక్రానికి, బోల్టులతో బిగిస్తారు. వెనకవైపు దాని మెడ గేర్‌బాక్సు పంపులోకి దిగి ఉంటుంది. ఆ మెడ లోపలే గేర్‌బాక్సును తిప్పే ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు, ఆయిల్ ప్రవాహాన్ని మళ్లించే స్టేటర్‌ను నిలిపే గొట్టం పళ్లు పట్టుకుని ఉంటాయి. ముందువైపు బోల్టులు విప్పకుండా గేర్‌బాక్సును వెనక్కి లాగితే కన్వర్టర్ ఇంజనుకే వేలాడుతుంది, లోపలి ఆయిల్ లాగేవాడి ముఖాన పడుతుంది. అదొక చిరాకు మాత్రమే. అసలు కష్టం ఎక్కించేటప్పుడు. వేలాడుతున్న కన్వర్టర్‌లోకి 50, 60 కిలోల గేర్‌బాక్సును గుడ్డిగా తోసి, రెండు వరసల పళ్లూ పంపు గాడులూ ఒకేసారి కలవాలని చూడటం జరిగే పని కాదు. కలిసిందనుకుని బోల్టులు బిగిస్తే పంపు గేరు చెవులు విరుగుతాయి. కన్వర్టర్ గేర్‌బాక్సుతోనే కిందికి రావాలి, గేర్‌బాక్సుతోనే పైకి వెళ్లాలి. నేనీ ఉత్తరం రాయడం ఇందుకే. రాస్తున్నాను గనక వ్యాసం వదిలేసిన మిగతా సంగతులు కూడా చెబుతాను.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, జయపురం వైపు పాత ఆటోమేటిక్ బండ్లు విప్పే షెడ్లు తక్కువ. విశాఖకో భువనేశ్వర్‌కో బండిని లారీ ఎక్కించి పంపాలంటే ఆ ఖర్చుకు సగం సామాను వస్తుంది. అందుకే ఇంట్లో చేసుకుందామనుకుంటారు, అందులో తప్పేమీ లేదు. అయితే దించాలని అనుకునే బండ్లలో చాలావాటికి దించాల్సిన అవసరమే ఉండదు.

నెలల తరబడి నిలిపిన బండి కింద ఎర్రటి మడుగు కనబడగానే గేర్‌బాక్సు పోయిందనుకుంటారు. ఇంజను ఆగాక కన్వర్టర్‌లోని ఆయిల్ నెమ్మదిగా పాన్‌లోకి, అంటే గేర్‌బాక్సు అడుగున ఉండే ఆయిల్ పళ్లెంలోకి, దిగుతుంది. పాన్‌లో మట్టం పెరిగి గేరు సెలెక్టర్ షాఫ్టు సీలును దాటుతుంది. ఎండిపోయిన ఆ సీలు నుంచి కారుతుంది. ఆ సీలు మార్చడానికి గేర్‌బాక్సు దించనక్కర్లేదు. తోకవైపు ఆయిల్ సీలు, స్పీడోమీటర్ కేబుల్ రబ్బరు రింగు, పాన్ ప్యాకింగు కూడా బండికి ఉండగానే మార్చుకోవచ్చు. దించక తప్పనిది ముందు పంపు సీలు కారినప్పుడు. బెల్ హౌసింగ్ అడుగున కారేది ఎర్రగా ఉంటే పంపు సీలు, నల్లగా ఉంటే ఇంజను వెనక సీలు. రెండూ కలిసి కారితే రంగు చూసి చెప్పడం కష్టం. అప్పుడు అడుగు మూత తీసి, శుభ్రంగా తుడిచి, ఇంజను పది నిమిషాలు నడిపి, తడి కన్వర్టర్ మెడ దగ్గర మొదలైందా ఫ్లెక్స్ ప్లేటు ముందు మొదలైందా చూడాలి.

ఇంకొకటి వాక్యూమ్ మాడ్యులేటర్, అంటే ఇంజను పీల్పును బట్టి గేర్లు మారడాన్ని సర్దే చిన్న డబ్బా. గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారుతున్నాయి, ఆయిల్ తగ్గుతోంది, కింద చుక్క పడట్లేదు, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తోంది అంటే మాడ్యులేటర్ లోపలి పొర చిరిగి ఇంజను ఆ ఆయిల్‌ను పీల్చి కాలుస్తోందన్నమాట. దాని రబ్బరు గొట్టం ఊడదీసి లోపల ఎర్ర తడి ఉందేమో చూస్తే చాలు. షెవర్లే బండ్లకు వచ్చే టర్బో 350 అనే గేర్‌బాక్సులో అది ఒక్క బోల్టుతో వస్తుంది, పవర్‌గ్లైడ్ అనే పాత రకంలో మరతో తిరిగి వస్తుంది. పావుగంట పని. దీనికి గేర్‌బాక్సు దించినవాళ్లున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మన వైపు ప్రత్యేకంగా చెప్పుకోవలసింది వరద నీరు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర దాటి గజపతి, గంజాం, రాయగడ జిల్లాలను ముంచింది. అలాంటి నీళ్లలో నిలబడిన బండికి ఆయిల్ గేజి గొట్టం నుంచో, పైనున్న గాలి రంధ్రం నుంచో గేర్‌బాక్సులోకి నీరు చేరుతుంది. గేజి మీద ఆయిల్ గులాబీ రంగు పాలలా కనబడితే నీరు కలిసినట్టే. రేడియేటర్ లోపల గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లార్చే కూలర్ చిల్లుపడినా ఇదే రంగు వస్తుంది. ఆ స్థితిలో స్టార్ట్ చేయకూడదు. గేర్‌బాక్సు లోపల ఉండే క్లచ్చి పలకల మీది పూత కాగితం జాతిది, నీరు తగిలితే అతుకు విడిచిపోతుంది. ఒక్కసారి తిరిగితే ఆ పెళ్లలన్నీ వాల్వు గదుల్లోకి చేరతాయి. ఇలాంటి బండికి దించడం తప్పదు, ఆయిల్ మార్చి చూద్దాం అనుకోవడం దండగ.

దించాలని నిశ్చయించాక, ఉన్నది ఏ గేర్‌బాక్సో ముందు తేల్చుకోవాలి. ఇక్కడ నేను ఇచ్చే కొలతలు షెవర్లే వి-8 బండ్లవి, మన దేశంలో పాత ఆటోమేటిక్ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఇంపాలాయే కనుక. పవర్‌గ్లైడ్ 1950లో వచ్చింది, 1973 దాకా సాగింది, రెండే గేర్లు. 1962 నుంచి అల్యూమినియం పెట్టెతో వచ్చింది, అంతకుముందుది పోత ఇనుము, చాలా బరువు. మూడు గేర్ల టర్బో 350 వచ్చింది 1969 మోడల్‌తో. కింద పడుకుని పాన్ బోల్టులు లెక్కపెడితే తెలిసిపోతుంది. పవర్‌గ్లైడ్‌కు 14. టర్బో 350కి 13, పాన్ చతురస్రంలా ఉండి ఒక మూల కోసినట్టుంటుంది. టర్బో 400కి కూడా 13 బోల్టులే గాని పాన్ ఆకారం వంకరటింకరగా ఉంటుంది. పెట్టెను బట్టి ప్యాకింగు, ఫిల్టరు, సీళ్లు మారతాయి గనక సామాను తెప్పించేముందే ఇది చూసుకోవాలి. టర్బో 350 ఆయిల్ లేకుండా సుమారు 54 కిలోలు, కన్వర్టర్ అదనం. అల్యూమినియం పవర్‌గ్లైడ్ దానికన్నా కాస్త తేలిక.

పానాల మాట. ఇవన్నీ అంగుళాల కొలత. బెల్ హౌసింగ్ బోల్టు తలకు 9/16 పానా కావాలి. మన సంచిలో ఉండే మిల్లీమీటర్ల పానాల్లో 14 నంబరు దానికి ఎక్కదు, 15 నంబరు ఎక్కుతుంది గాని వదులు, తల మూలలు అరిగిపోతాయి. 1/2 అంగుళానికి 13 నంబరు వేసినా అంతే. 7/16, 1/2, 9/16, 5/8 రింగు పానాలు, సాకెట్లు కొనుక్కోండి. కూలర్ పైపుల నట్లకు మాత్రం పైపు దూరేలా ఒక పక్క కోసిన రింగు పానా విడిగా కావాలి. మామూలు డబుల్ ఎండ్ పానా వేస్తే నట్టు ముందు గుండ్రబడుతుంది, తర్వాత పైపు మెలిపడుతుంది. నట్టును తిప్పేటప్పుడు వెనకనున్న ఫిట్టింగును రెండో పానాతో పట్టుకోవాలి. గోపాలపూర్, ఛత్రపురం లాంటి తీరం ఊళ్ల బండ్లయితే ఉప్పుగాలికి ప్రతి బోల్టూ బిగిసే ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాలి.

బండి ఎత్తడం గురించి వ్యాసంలో రెండు వాక్యాలే ఉన్నాయి. ఈ పనిలో ప్రాణం పోయే చోటు ఇదే. ఇంపాలా 1,700 కిలోలు దాటిన బండి. గేర్‌బాక్సు జాకీ మీద కూర్చుని బండి కింద నుంచి బయటికి రావాలంటే బెల్ నోటి ఎత్తు, జాకీ ఎత్తు కలిపి కనీసం 50, 55 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. అంటే నాలుగు చక్రాలూ గాల్లో ఉంటాయి. 3 టన్నులవి నాలుగు స్టాండ్లు, ఛాసిస్ రైలు కింద. ఫ్లోరు రేకు కింద పెట్టకూడదు. హైడ్రాలిక్ జాకీ ఎత్తడానికేగాని నిలపడానికి కాదు, సీలు జారితే చెప్పి జారదు. ఇటుకలు, సిమెంటు బోలు దిమ్మెలు అసలు వద్దు, అవి పగిలేముందు ఏ చప్పుడూ చేయవు. మన పెరళ్లలో నేల చాలాచోట్ల ఎర్రమట్టి. వాన పడ్డ వారానికి కూడా స్టాండు కాళ్లు అందులో దిగుతాయి. ప్రతి స్టాండు కింద అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న గట్టి చెక్క వేయాలి. సాల చెక్క దొరికితే మరీ మంచిది. నాపరాయి వేయొద్దు, అంచున బరువు పడితే చీలుతుంది. స్టాండ్ల మీద నిలిపాక, కిందికి దూరకముందు, బంపరు పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. కదిలితే మళ్లీ మొదటికి రావాలి. కింద ఉన్నంతసేపూ పక్కన రెండో మనిషి ఉండాలి.

మొదట బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. సెల్ఫ్ మోటారు లావు తీగలో తాళం తీసినా కరెంటు ఉంటుంది. తర్వాత ఆయిల్. బండి కాసేపు నడిచి గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపాలి, సలసలా కాగుతున్నప్పుడు కాదు. టర్బో 350 పాన్‌కు డ్రెయిన్ బోల్టు ఉండదు. ముందువైపు బోల్టులు ఉంచి, పక్కలవి, వెనకవి వదులు చేస్తూ వస్తే పాన్ వెనక్కి వంగి, కింద పెట్టిన టబ్బులోకి నాలుగు లీటర్ల దాకా వస్తుంది. పాన్ అడుగు చూడకుండా కడగొద్దు. సన్నటి బూడిద రంగు బురద కొంచెం ఉండటం మామూలే. నల్లటి పీచు ముక్కలుంటే క్లచ్చి పలకలు పోయినట్టు. పసుపు ఇత్తడి తునకలుంటే బుష్షులు, వాషర్లు అరిగినట్టు. వెండి రంగు తునకలైతే అల్యూమినియం పెట్టెనో పంపునో ఏదో గీకుతోంది. పాన్‌ను తిరిగి నాలుగు బోల్టులతో పెట్టేయాలి, లోపలి భాగాలకు దెబ్బ తగలకుండా.

ప్రొపెల్లర్ షాఫ్టు తీసేముందు డిఫరెన్షియల్ ఫ్లాంజి మీద, షాఫ్టు మీద కలిపి రంగు గీత పెట్టండి. అదే గీతకు తిరిగి బిగించకపోతే కొన్ని బండ్లలో 70, 80 వేగం దగ్గర వణుకు మొదలవుతుంది. షాఫ్టు చివరి క్రాసు జాయింటు కప్పులు జారి లోపలి సూది బేరింగులు రాలకుండా టేపు చుట్టాలి. షాఫ్టు ముందు మెడ బయటికి రాగానే తోక నుంచి మిగిలిన ఆయిల్ కారుతుంది, పాలిథిన్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే సరి. 1958 నుంచి 1964 దాకా వచ్చిన ఎక్స్ ఆకారపు ఛాసిస్ ఇంపాలాల్లో షాఫ్టు రెండు ముక్కలు, మధ్యలో బేరింగు, ఛాసిస్ నడిమి గొట్టంలోంచి వెళ్తుంది. దీనికి రెండు ముక్కల మధ్య కూడా గీత పెట్టాలి.

కూలర్ పైపులు, గేరు లింకు, స్పీడోమీటర్ కేబుల్, మాడ్యులేటర్ గొట్టం, టర్బో 350 అయితే కిక్‌డౌన్ కేబుల్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు గేరు దించేది), పవర్‌గ్లైడ్ అయితే థ్రాటిల్ లింకు, గేజి గొట్టాన్ని పట్టుకున్న బోల్టు. ఇవన్నీ ఊడాలి. సైలెన్సర్ పైపు అడ్డొస్తే అదీ దిగాలి.

ఇక్కడ షెవర్లే వి-8లో ఉన్న చిక్కు ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ ఇంజను వెనక చివర, డ్యాష్ గోడకు ఆనుకున్నట్టుంటుంది. గేర్‌బాక్సు తోక దించగానే ఇంజను వెనక్కి వాలి, డిస్ట్రిబ్యూటర్ మూత గోడకు కొట్టుకుని పగులుతుంది. ముందే మూత తీసి పక్కన పెట్టాలి. ఇంజను వాలినప్పుడు ముందు ఫ్యాను రెక్కలు రేడియేటర్ తొడుగుకు తగలకుండా కూడా చూసుకోవాలి.

ఇప్పుడు కన్వర్టర్ బోల్టులు. అడుగు రేకు మూత తీస్తే ఫ్లెక్స్ ప్లేటు కనిపిస్తుంది. దాన్ని కన్వర్టర్‌కు పట్టిన బోల్టులు మూడు. ఒకసారికి ఒకటే అందుతుంది. ముందు క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి, ముందునుంచి చూస్తే గడియారం తిరిగే దిక్కునే తిప్పాలి. వెనక్కి తిప్పితే పుల్లీ బోల్టు వదులవుతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. మొదటి బోల్టు తీసేముందు కన్వర్టర్ మీద, ప్లేటు మీద కలిపి రంగు చుక్క పెట్టండి. మూడూ తీశాక, గేర్‌బాక్సు ఇంకా ఇంజనుకే బిగించి ఉండగానే, పెద్ద స్క్రూడ్రైవర్‌తో కన్వర్టర్‌ను మెల్లగా వెనక్కి తోయండి. మూడు నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. వేలితో తిప్పితే తిరగాలి. కదలకపోతే దాని ముందు ముక్కు క్రాంక్ రంధ్రంలో తుప్పుపట్టి పట్టేసిందన్నమాట. నిలబడిపోయిన బండ్లలో ఇది తరచుగా కనబడుతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, ఒక పూట ఆగి, చుట్టూ సమంగా తోస్తూ విడిపించాలి. అది విడిపడకుండా తర్వాతి పనికి వెళ్లకూడదు. వ్యాసంలో లేనిది సరిగ్గా ఈ పరీక్షే.

కన్వర్టర్ విడిపడ్డాక గేర్‌బాక్సు పాన్ కింద జాకీ పెట్టాలి. మధ్యలో వెడల్పాటి ప్లైవుడ్ పలక, దానికీ గేర్‌బాక్సుకూ కలిపి లారీ బెల్టు. పలక లేకుండా జాకీ గిన్నె పాన్‌కు ఆనితే పాన్ సొట్టపోయి ఫిల్టరుకు తగులుతుంది. ఇంజను చాంబరు కింద అడ్డచెక్క వేసి ఇంకో జాకీ ఆనించాలి, గేర్‌బాక్సు పోయాక ఇంజను వెనకభాగాన్ని మోసేది అదే. తర్వాత మౌంటింగు, అడ్డదూలం తీసి, రెండు జాకీలూ కలిపి తోకను రెండు మూడంగుళాలు దించితే పైనున్న బెల్ బోల్టులు కనబడతాయి. బోల్టులు మొత్తం ఆరు. పైవాటికి 9/16 సాకెట్, వంగే జాయింటు, రెండు మూడడుగుల పొడుగు రాడ్డు కావాలి. రాడ్డును గేర్‌బాక్సు మీదుగా తోక వైపునుంచి దూరిస్తే సులువు. పక్కన ఒకటి, అటుపక్కన ఒకటి చివరిదాకా ఉంచండి.

అన్నీ తీశాక కూడా అది రాదు. ఇంజను బ్లాకులో ఉన్న రెండు డోవెల్ పిన్నుల (సరైన చోట నిలిపే మేకుల) మీద బెల్ పట్టుకుని ఉంటుంది. పిన్నుల దగ్గర చదునైన ఇనుప పట్టీ పెట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా ఎడం చేయాలి. అల్యూమినియం ముఖం మీద ఉలి పెట్టి కొడితే ఆ గాటు దగ్గర బెల్ ఇంకెప్పటికీ సరిగా ఆనదు. రెండంగుళాలు వెనక్కి రాగానే ఆగి, కన్వర్టర్ కూడా వెంట వచ్చిందో లేదో టార్చి వేసి చూడండి. వచ్చి ఉంటే బెల్ అడుగు రంధ్రాలకు అడ్డంగా ఒక ఇనుప పట్టీ బోల్టు వేసి బిగించాలి. అది లేకపోతే జాకీ దిగేటప్పుడు గేర్‌బాక్సు ముందుకు వాలి, ఆయిల్ నిండిన కన్వర్టర్ జారి కాలి మీద పడుతుంది. దించినంతసేపూ ముక్కు కాస్త పైకి, తోక కాస్త కిందికి ఉండాలి.

గేర్‌బాక్సు బయట ఉండగా మార్చాల్సినవి ఎలాగూ మార్చాలి. ముందు పంపు సీలు, ఇంజను వెనక సీలు, మౌంటింగు రబ్బరు. ఫ్లెక్స్ ప్లేటును వెలుగులో పట్టుకుని బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుక లాంటి బీటలున్నాయేమో వెతకండి. ప్లేటు పగిలిన బండి ఇంజను లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు చప్పుడు చేస్తుంది, దాన్ని బేరింగు చప్పుడనుకుని ఇంజను విప్పేవాళ్లున్నారు. కొత్త ప్లేటు వేస్తే క్రాంకుకు పట్టే బోల్టులు 81 న్యూటన్ మీటర్లకు బిగించాలి. కన్వర్టర్ మెడ మీద సీలు తిరిగే చోట గోటికి తగిలే గాడి పడి ఉంటే కొత్త సీలు వేసినా కారుతుంది. చిన్న మరకైతే సన్నటి ఎమరీ పేపరుతో చుట్టూ రుద్దితే పోతుంది. లోతు గాడి అయితే కన్వర్టర్ మార్చాల్సిందే. డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఎవరో పాత మిస్త్రీ వాటిని పోగొట్టి ఉంటే గేర్‌బాక్సు ఒక వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది, ఎన్ని సీళ్లు మార్చినా ముందు బుష్షు అరుగుతూనే ఉంటుంది.

విప్పిన గేర్‌బాక్సును వానాకాలంలో తెరిచి ఉంచకండి. సీలు నోరు, తోక, పైపు రంధ్రాలు అన్నీ మూసి పెట్టాలి. కూలర్ పైపుల్లో పాత బురద ఉంటుంది, అది కొత్త ఆయిల్‌లోకి రాకుండా తాజా ఆయిల్ తోసి, వచ్చిన దారికి ఎదురుగా తక్కువ గాలితో ఊదాలి. టైర్ల షాపు కంప్రెసర్ పూర్తి ఒత్తిడితో ఊదితే రేడియేటర్ లోపలి కూలర్ అతుకులు విడుస్తాయి.

ఎక్కించడం. కన్వర్టర్ కొత్తదైనా ఖాళీ అయినా ముందు లీటరు ఆయిల్ పోసి, పంపు సీలుకు ఆయిల్ రాసి, గేర్‌బాక్సును తోక మీద నిలువుగా నిలబెట్టగలిగితే నిలబెట్టి, కన్వర్టర్‌ను లోపలికి తిప్పుతూ దించాలి. తోయడం కాదు, అటూ ఇటూ తిప్పుతూ ఉంటే తనే దిగుతుంది. మూడుసార్లు 'టక్' మని కూర్చుంటుంది. ఒకటి స్టేటర్, ఒకటి ఇన్‌పుట్ షాఫ్టు, చివరిది పంపు. ఎక్కువమంది రెండో దానికి ఆపేస్తారు, పైకి చూస్తే దిగినట్టే ఉంటుంది కనుక. మూడోది కూర్చున్నాక కన్వర్టర్ బెల్ ముఖం కన్నా బాగా లోపలికి ఉంటుంది. ఆ తర్వాతే ఇనుప పట్టీ బిగించి జాకీ ఎక్కించాలి.

గేర్‌బాక్సును ఇంజనుకు ఆనించేటప్పుడు బెల్ ముఖం చేత్తోనే బ్లాకుకు పూర్తిగా ఆనాలి. రెండు మిల్లీమీటర్ల సందు మిగిలిందని బోల్టులతో లాగితే ఆ లాగుడంతా పంపు మీద పడుతుంది. పగిలేది అప్పుడే. సందు ఉంటే వెనక్కి తీసి కన్వర్టర్ మళ్లీ కూర్చోబెట్టాలి, వేరే దారి లేదు. ఆనాక బెల్ బోల్టులు ఆరూ 47 న్యూటన్ మీటర్లకు బిగించి, కింద నుంచి కన్వర్టర్‌ను వేలితో తిప్పండి. స్వేచ్ఛగా తిరగాలి. కన్వర్టర్ చెవులకూ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ అసలు లేకపోతే పని ఆపేయాలి. 5 దాటితే మూడు బోల్టుల దగ్గరా సమాన మందం వాషర్లు పెట్టాలి, లేకపోతే కన్వర్టర్ ముందుకు వచ్చి పంపును పూర్తిగా పట్టదు. మూడు బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాత 47 న్యూటన్ మీటర్లకు బిగించాలి. బోల్టులు పాతవే వాడండి. పొడుగు బోల్టు వేస్తే అది కన్వర్టర్ డొల్లను లోపలికి పొడుస్తుంది.

ఆయిల్ సంగతిలో మన దగ్గర జరిగే పొరపాటు 90 నంబరు గేర్ ఆయిల్ పోయడం. ఆటోమేటిక్‌లో అది ప్రవహించదు, క్లచ్చులు పట్టవు. డెక్స్‌రాన్-3 కొలతకు సరిపోయే ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్, కావాలి. షాపుల్లో పవర్ స్టీరింగ్ ఆయిల్ పేరుతో ఇచ్చేది చాలాసార్లు అదే. డబ్బా మీద డెక్స్‌రాన్ అని ఉందో లేదో చదవండి. అన్నీ ఖాళీ అయ్యుంటే మొత్తం 9, 10 లీటర్లు పడుతుంది. ముందు నాలుగు లీటర్లు పోసి స్టార్ట్ చేయగానే పంపు దాన్ని కన్వర్టర్‌లోకి లాగేస్తుంది, వెంటనే ఇంకో రెండు లీటర్లు పోయాలి. అది చేయకుండా ఐదు నిమిషాలు ఉత్తినే నడిపితే పంపు ఎండిపోతుంది. బ్రేకు తొక్కి గేర్లన్నీ ఒకసారి తిప్పి, కొద్దికొద్దిగా పోస్తూ మట్టం చూడాలి. ఇంజను నడుస్తూ ఉండగా, ఆయిల్ వేడెక్కాక, పవర్‌గ్లైడ్‌కు న్యూట్రల్‌లో, టర్బో 350కి పార్క్‌లో చూడాలి. ఎక్కువ పోసినా నష్టమే, నురగ కట్టి గాలి రంధ్రం నుంచి కక్కుతుంది.

మెర్సిడెస్ 123 మోడల్ బండ్లు ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. కన్వర్టర్‌కు దాని సొంత డ్రెయిన్ బోల్టు ఉంటుంది, ఇంజను తిప్పుతూ బెల్ అడుగు రంధ్రం దగ్గరికి తెస్తే 5 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో తీయవచ్చు. షాఫ్టు రబ్బరు డిస్కులతో ఫ్లాంజికి బిగించి ఉంటుంది కనుక దాన్ని తీసినప్పుడు తోక నుంచి ఆయిల్ కారదు. కన్వర్టర్ గురించి చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఆటోమేటిక్ తీసేసి ఏదో డీజిల్ ఇంజను, మామూలు గేర్‌బాక్సు వేసేద్దాం అనే సలహా ప్రతి షెడ్డులో దొరుకుతుంది. కేంద్రం 2021 జూలైలో తెచ్చిన పాతకాలపు వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న బండికి 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజనులో మార్పు చేసిన బండికి అది దొరకదు. ఇంజను ఉంచి గేర్‌బాక్సు ఒక్కటే మారుద్దామన్నా కొన్ని ఆటోమేటిక్ ఇంజన్ల క్రాంకు వెనక, మామూలు గేర్‌బాక్సు షాఫ్టు ముక్కును నిలిపే పైలట్ బుష్షుకు రంధ్రం పూర్తిగా తొలిచి ఉండదు. క్రాంకు బయటికి తీసి లేత్ ఎక్కించడానికి సిద్ధపడితేనే ఆ ఆలోచన చేయాలి.

దింపిన పది లీటర్ల పాత ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మూత బిగించిన డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ కొనే అనుమతి ఉన్నవాళ్లకు చేర్చే గ్యారేజీకి ఇవ్వాలి. చెదలు పట్టకుండా కంచె రాటలకు పూసే అలవాటు మన పల్లెల్లో ఉంది, రాటలు నూతి పక్కన ఉంటే అది తాగే నీటికే చేరుతుంది.

వానలు వెనక్కి తగ్గాక, దసరా దాటిన తర్వాత ఇలాంటి పనులు మొదలుపెడతారు. ఈలోగా కన్వర్టర్ బోల్టులు ముందు విప్పాలన్న సవరణ, ఎక్కించాక 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ చూడాలన్న సంగతి, అదే ఆదివారం పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయగలరు.

ఇట్లు,
పాత కార్ల మరమ్మతు తెలిసిన ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా